ఐజీబీటీ మార్చేస్తే అయిపోదు

ఇండక్షన్ స్టవ్ పట్టుకుని రిపేరు షాపుకి వెళ్తే మూత విప్పకముందే వినపడే మాట ఒకటుంది. "ఐజీబీటీ పోయిందండీ." చాలాసార్లు అది నిజమే. స్టవ్ లోపలి బోర్డు మీద కరెంటుని వదులుతూ ఆపుతూ ఉండే స్విచ్ లాంటి భాగం అది, ఎక్కువ భారం మోసేది అదే, ముందు పోయేదీ అదే. కానీ అది దానంతట అది పోవడం తక్కువ. పక్కన ఇంకేదో మెల్లగా పాడవుతూ ఉంటుంది, దాని దెబ్బ వచ్చి దీని మీద పడుతుంది. ఆ పాడైనదాన్ని అలాగే వదిలేసి కొత్త ఐజీబీటీ వేస్తే అది కూడా కొన్నాళ్ళకి అదే దారి పడుతుంది. ధవళేశ్వరంలో ఉండే మా చెల్లెలి స్టవ్ విషయంలో జరిగింది ఇదే.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి 2020 జనవరిలో వీఆర్ఎస్ తీసుకున్నవాడిని. సీడాట్ కార్డులు, బ్యాటరీ రూములు, వానాకాలంలో నీళ్ళు పట్టిన కేబుల్ జాయింట్లు, ఉద్యోగమంతా వీటితోనే. అందువల్ల చుట్టాల్లో ఎవరింట్లో ఏం పాడైనా ముందు ఫోను నాకే వస్తుంది. "రిటైరయ్యాక ఈయనకి డ్యూటీ ఎక్కువైంది" అంటుంది మా ఆవిడ.

చెల్లెలి ఇంట్లో గ్యాస్ ఉంది. అయినా ఇండక్షన్ లేకపోతే వాళ్ళకి తెల్లారదు. పొద్దున్నే వాళ్ళ అత్తగారి స్నానానికి నీళ్ళు, తర్వాత పాలు, ఆ తర్వాత కుక్కర్లో అన్నం, అన్నీ దాని మీదే. అది మొదటిసారి ఆగిపోయినప్పుడు దగ్గర్లో ఉన్న షాపులో ఐజీబీటీ, ఫ్యూజు మార్చామని చెప్పి ఇచ్చారు. మూడు నెలలు తిరక్కుండా మళ్ళీ పోయింది. మళ్ళీ అవే రెండూ మార్చామన్నారు. ఈసారి నెల కూడా కాలేదు, ఫట్‌మని శబ్దం వచ్చింది, ఇంట్లో ఎంసీబీ స్విచ్చు దానంతటదే పడి కరెంటు పోయింది. "ఇంక దీన్ని పడేసి కొత్తది కొనుక్కోండమ్మా" అన్నారట షాపులో. మా మేనల్లుడు దాన్ని పాత దుప్పటిలో చుట్టి బండి మీద రాజమండ్రి తెచ్చాడు.

స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే చెల్లెలికి ఫోన్ చేశాను.

"పోయేముందు ఏమైనా తేడాగా ఉందామ్మా?"

"కొన్నాళ్ళ నించీ టక్కు టక్కుమంటోంది అన్నయ్యా. పాలు పెడితే వేడెక్కుతుంది, ఆగుతుంది, మళ్ళీ దానంతటదే మొదలెడుతుంది. పక్కనించి వచ్చే గాలి కూడా బాగా వేడిగా కొట్టేది."

"ఆ మాట షాపులో చెప్పావా?"

"వాళ్ళడిగితే కదా!"

నా లెక్కలో సగం రిపేరు ఈ మాటల్లోనే ఉంది. బాగా నడుస్తున్న స్టవ్ ఒక్కసారిగా పోయిందంటే వోల్టేజి పెరగడమో, లోపలికి నీళ్ళు దిగడమో అయ్యుండొచ్చు. ఆగి ఆగి నడిచి, అతిగా వేడెక్కి, చివరికి పేలిందంటే మాత్రం లోపల ఏదో చాన్నాళ్ళుగా గాడి తప్పుతోందన్నమాట. రెండుసార్లు రిపేరు చేసినవాళ్ళు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ స్టవ్ నా దాకా వచ్చేది కాదు.

ఎందుకో చెప్పాలంటే అది పనిచేసే తీరు కొంచెం చెప్పాలి. గాజుపలక కింద చుట్టలా రాగి కాయిల్ ఉంటుంది. ఒకటే లావుపాటి తీగ కాదు, సన్నటి ఎనామిల్ తీగలు బోలెడన్ని కలిపి పేనింది. ఇంటికొచ్చే 230 వోల్టుల ఏసీని బ్రిడ్జ్ రెక్టిఫైయర్ డీసీగా మారుస్తుంది. గిన్నె పెట్టకుండా కొలిస్తే అది 320 వోల్టులకి అటూ ఇటూగా ఉంటుంది. ఆ డీసీని కాయిల్లోకి సెకనుకి ఇరవై వేలసార్లకు పైగా వదులుతూ ఆపుతూ ఉండే స్విచ్చే ఐజీబీటీ. అయస్కాంత క్షేత్రం అంత వేగంగా మారుతుంటే పైనున్న గిన్నె అడుగులో సుడులు తిరిగే కరెంటు పుట్టి గిన్నే వేడెక్కుతుంది. గాజుకి సొంత వేడి లేదు, గిన్నె వేడే దానికి పాకుతుంది.

కాయిల్‌కి జతగా 0.3 మైక్రోఫారడ్, 1200 వోల్టుల కెపాసిటర్ ఒకటి ఉంటుంది. ఐజీబీటీ ఆఫ్ అయిన క్షణంలో కాయిల్లో ఉన్న శక్తి ఆ కెపాసిటర్‌లోకి వెళ్తుంది, మళ్ళీ వెనక్కి కాయిల్లోకి వస్తుంది, ఉయ్యాల ఊగినట్టు. ఐజీబీటీకి గేటు, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్ళుంటాయి, దాన్ని తెరిచేదీ మూసేదీ గేటు. ఆ ఊపులో కలెక్టర్ మీద వోల్టేజి వెయ్యి దాకా లేచి తిరిగి సున్నాకి దిగుతుంది. సరిగ్గా దిగినప్పుడే అది మళ్ళీ ఆన్ అవ్వాలి. ఉయ్యాల మన దగ్గరికొచ్చి ఆగిన క్షణంలో తోస్తే తేలిగ్గా పోతుంది, ఇంకా మీదికి వస్తుండగా తోయబోతే చెయ్యి విరుగుతుంది. వోల్టేజి దిగకముందే ఐజీబీటీ ఆన్ అయితే కెపాసిటర్‌లో మిగిలి ఉన్న శక్తంతా దాని గుండానే పోయి వేడిగా మారుతుంది. సెకనుకి ఇరవై వేలసార్లు అలా జరిగితే వేడి లాగేసే అల్యూమినియం దిమ్మ, అదే హీట్ సింక్, ఎంత ఉన్నా ఎన్నాళ్ళు ఆగుతుంది?

మరి వోల్టేజి దిగిందో లేదో చూసేదెవరు? కాయిల్ రెండు కొసల నుంచీ పెద్ద విలువున్న రెసిస్టర్లు వరసగా వచ్చి, అక్కడి వోల్టేజిని బాగా తగ్గించి, ఎల్ఎం339 అనే పద్నాలుగు కాళ్ళ ఐసీకి అందిస్తాయి. కొన్ని బోర్డుల్లో ఈ పని స్టవ్‌ని నడిపే ప్రాసెసర్, అంటే మైక్రోకంట్రోలర్ లోపలే జరుగుతుంది. ఆ ఐసీ రెండు కొసల్నీ పోల్చి ఐజీబీటీకి అదను చెప్తుంది. రెసిస్టర్ల విలువ మారిందా, అదను తప్పుతుంది. చెల్లెలు టక్కు టక్కుమంటోంది అనగానే నా అనుమానం అటే పోయింది. అయినా వరస తప్పకుండా చూసుకుంటూ వెళ్ళడమే నాకు అలవాటు.

జాగ్రత్త గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఎక్స్ఛేంజ్‌లో మేం పనిచేసింది 48 వోల్టుల మీద. లైన్ మీద రింగు వచ్చేటప్పుడు చేతికి తగిలితే ఝల్లుమనేది, అంతటితో సరి. ఈ బోర్డు అలాంటిది కాదు. బటన్ల బోర్డు, ఫ్యాను వైర్లు, వేడిని కనిపెట్టే థర్మిస్టర్, అన్నీ మెయిన్స్‌తో కలిసే ఉంటాయి. 5 వోల్టుల చోటే కదా అని వేలు పెడితే 230 తగులుతుంది. హీట్ సింక్ ఇంకా మోసం. చాలా బోర్డుల్లో ఐజీబీటీ వీపుని నేరుగా దానికి బిగించేస్తారు, ఆ వీపే కలెక్టర్. అంటే స్టవ్ నడుస్తున్నప్పుడు ఆ అల్యూమినియం దిమ్మ మీద వెయ్యి వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా బ్రిడ్జ్ పక్కనున్న 5 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉండొచ్చు. హోల్డర్‌కి వైర్లు తగిలించిన బల్బుతో దాన్ని దింపి, మీటర్లో సున్నా చూసుకున్నాకే నేను బోర్డు ముట్టుకుంటాను. కరెంటు పని అలవాటు లేనివాళ్ళు కింద రాసింది చదివి షాపులో ఏం అడగాలో తెలుసుకుంటే చాలు, దయచేసి విప్పొద్దు.

విప్పితే ముందు కనపడింది సంసారం. ఫ్యాను రెక్కలకి నూనె జిడ్డు, దాని మీద దుమ్ము, దాని మీద వెంట్రుకలు. వెచ్చగా ఉంటుంది కదా అని బొద్దింకలు కాపురం పెట్టేశాయి. ఒక మూల గంజి కారి ఎండిన చారలు. కుక్కర్ విజిల్‌తో పాటు చిమ్మిన గంజి గాజు అంచు నించి జారి, పక్క రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది. ఇది ప్రతి ఇంటి స్టవ్‌లోనూ చూస్తాను. పాత టూత్ బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి ముందు బోర్డంతా కడిగాను. కడిగితే గానీ ఏది కాలిందో, ఏది మురికో తెలియదు.

కడిగాక బయటపడింది అసలు ఘనకార్యం. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ టంకం వేసి ఉంది. పక్కనే బోర్డు మీద 12 యాంప్స్ అని అచ్చు వేసి మరీ ఉంది! ఐజీబీటీ షార్ట్ అయినప్పుడు ఆ చిన్న ఫ్యూజు కాలిపోతే నష్టం అక్కడితో ఆగేది. తీగ కాలదు కాబట్టి బ్రిడ్జ్ కూడా కాలింది, ట్రాక్ నల్లబడింది, ఇంటి ఎంసీబీ పడింది. ఎంసీబీ ఉంది కాబట్టి సరిపోయింది, పాత ఇళ్ళల్లో కట్‌అవుట్‌కి కూడా తీగే కట్టి ఉంటుంది.

"మావయ్యా, యూట్యూబ్‌లో అయితే ఐజీబీటీ మార్చి మూత పెట్టేశారు" అన్నాడు మేనల్లుడు. వాడు ఇంటర్ రెండో ఏడాది, టార్చి పట్టుకునే డ్యూటీ వాడిది.

"అవున్రా, మూడు నెలలాగి ఇంకో వీడియో పెట్టుకోవాలి కదా వాళ్ళు."

కరెంటు ఇవ్వకుండా మీటరుతో చూడాల్సినవి చూశాను. ఐజీబీటీ మూడు కాళ్ళ మధ్యా బీప్, అంటే పూర్తిగా షార్ట్. బ్రిడ్జ్‌లో ఒక డయోడు షార్ట్. గేటుని నడిపే రెండు చిన్న ట్రాన్సిస్టర్లు ఎస్8050, ఎస్8550 ఉంటాయి. ఐజీబీటీ పోయినప్పుడు కలెక్టర్ వోల్టేజి గేటులోకి దూసుకొచ్చి వీటిని కూడా తీసుకుపోతుంది. ఇక్కడ ఒకటి పోయింది. గేటుకీ ఎమిటర్‌కీ మధ్య ఉండే 18 వోల్టుల జీనర్ (గేటు మీద వోల్టేజి మితిమీరకుండా కాపాడే డయోడు) కూడా షార్ట్. చాలామంది ఈ రెండిటినీ చూడకుండా కొత్త ఐజీబీటీ వేసి, స్విచ్ వెయ్యగానే పేల్చుకుంటారు.

తర్వాత కెపాసిటర్లు. 0.3 మైక్రోఫారడ్‌ది బోర్డు మీద నించి పీకి కొలిస్తే 0.29 చూపించింది, బాగానే ఉంది. ఇది ముఖ్యం. దీని విలువ తగ్గితే ఊపులో వోల్టేజి ఇంకా ఎత్తుకి లేస్తుంది, 1200 దాటితే ఐజీబీటీ తట్టుకోలేదు. పైకి ఉబ్బకుండా, పగలకుండా కూడా ఇది లోపల్లోపల తగ్గిపోతుంది కాబట్టి చూపుతో తేల్చకూడదు. 5 మైక్రోఫారడ్‌ది 4.8, అదీ పరవాలేదు.

ఇక రెసిస్టర్లు. ఈ బోర్డులో ఒక్కో కొస నుంచి 330 కిలో ఓముల రెసిస్టర్లు వరసగా వస్తున్నాయి. ఆరెంజ్, ఆరెంజ్, పసుపు గీతలు. ఇక్కడ తెలిసి ఉండాల్సిన సంగతి ఒకటుంది. బోర్డులో ఉండగా రెసిస్టర్‌ని కొలిస్తే పక్క దారుల వల్ల అసలు విలువకన్నా తక్కువ చూపించొచ్చు. ఎక్కువ మాత్రం చూపించదు, కెపాసిటర్లలో చార్జ్ లేకుండా ఉంటే. ఎక్కువ చూపిస్తోందంటే అది పోయినట్టే, ఇంక ఆలోచించక్కర్లేదు. మొదటిది 326, రెండోది 329, మూడోది 610!

మేనల్లుడు టార్చి దగ్గరికి తెచ్చాడు. పైకి దానికి ఏ లోపమూ లేదు. రంగులు చక్కగా ఉన్నాయి, పగుళ్ళు లేవు. కింద బోర్డు మాత్రం కొంచెం గోధుమరంగుకి తిరిగింది. ఒక కాలు పైకి లేపి కొలిచినా అదే విలువ. వేళ్ళతో కాసేపు పట్టుకుంటే ఇంకా ఎగబాకింది. స్టవ్ చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నడిచి, వేడెక్కాక టక్కుటక్కుమని ఎందుకు ఆగేదో ఇప్పుడు అర్థమైంది. వేడెక్కేకొద్దీ రెసిస్టర్ విలువ పెరుగుతోంది, అదను తప్పుతోంది, ప్రాసెసర్ ఏదో తేడాగా ఉందని ఆపేస్తోంది, చల్లారాక మళ్ళీ మొదలెడుతోంది. రోజూ ఇలా సాగితే ఐజీబీటీ చివరికి చేతులెత్తేసింది. పావు వాటు ఉన్న ఆ చిన్న కార్బన్ రెసిస్టర్ ఖరీదు ఒక్క రూపాయి.

రాజమండ్రి మెయిన్‌రోడ్డు పక్క సందులో నేను ఎప్పటినించో వెళ్ళే స్పేర్ల కొట్టు ఒకటుంది. ఐజీబీటీ అడగ్గానే కుర్రాడు అడిగాడు.

"ఒరిజినలాండీ, మామూలుదాండీ?"

"మామూలుదంటే?"

"పనిచేస్తుందండీ, ఆయ్. గ్యారంటీ మాత్రం అడక్కండి."

మామూలుదంటే పాత బోర్డుల నించి పీకి, మీద అక్షరాలు చెరిపి, కొత్త నంబరు అచ్చు వేసినవి. కాళ్ళకి పాత టంకం మరకలుంటాయి, అక్షరాలు గోటితో గీస్తే లేచొస్తాయి. ఈ బోర్డుకి కావాల్సింది హెచ్20ఆర్1203, అంటే 20 యాంప్స్, 1200 వోల్టులు. ఒరిజినల్‌కీ మామూలుదానికీ తేడా వంద రూపాయలు కూడా లేదు. నాకు తెలిసినంతలో రెండోసారి మూడోసారి పోయే స్టవ్‌ల వెనక ఈ మామూలువే సగం ఉంటాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళినా ఇదే ప్రశ్న వినపడుతుంది.

కొట్లోనే పరీక్ష చేసుకునే చిట్కా ఒకటి చెప్తాను. 9 వోల్టుల బ్యాటరీ ప్లస్ గేటుకి, మైనస్ ఎమిటర్‌కి ఒక్క క్షణం తాకించి తీసేయాలి. మీటరు డయోడ్ రేంజిలో పెట్టి, ఎర్ర వైరు కలెక్టర్‌కి, నల్లది ఎమిటర్‌కి పెడితే దారి తెరుచుకుని ఉండాలి. తర్వాత గేటునీ ఎమిటర్‌నీ కలిపేస్తే దారి మూసుకోవాలి. ఇలా తెరుచుకోనిదీ మూసుకోనిదీ వెనక్కి ఇచ్చెయ్యడమే. కుర్రాడు మొదట విసుక్కున్నాడు గానీ, తర్వాత తనూ ఒకటి పరీక్ష చేసి చూసుకున్నాడు.

ఐజీబీటీతో పాటు బ్రిడ్జ్, పింగాణీ ఫ్యూజు, ట్రాన్సిస్టర్ల జత, జీనర్, థర్మల్ పేస్టు కొన్నాను. రెసిస్టర్లు మాత్రం పోయినదొక్కటే కాకుండా రెండు వరసలూ మొత్తం మార్చాను. ఒకటి పోయిందంటే దాని తోటివీ అదే వోల్టేజి, అదే వేడి తిన్నవే. ఈసారి కార్బన్‌వి కాకుండా ఒక వాటు మెటల్ ఫిల్మ్‌వి వేశాను. కాళ్ళు కొంచెం పొడుగ్గా ఉంచి, బోర్డుకి తగలకుండా ఎత్తులో నిలబెట్టాను.

ఐజీబీటీని మాత్రం వెంటనే వెయ్యలేదు. అది లేకుండానే ముందు కరెంటు ఇచ్చి చూడాలి, అదీ సిరీస్ బల్బు ద్వారా. ఈ రిపేరుకి మీటరెంతో సిరీస్ బల్బూ అంతే. 100 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బుని ఫేజ్ వైరుకి వరసలో పెడతాం. బోర్డులో షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, బోర్డుకేమీ కాదు. షార్ట్ లేకపోతే ఒక్కసారి మిణుకుమని ఆరిపోతుంది. ఈ రోజుల్లో 100 వాట్లది దొరకడం కష్టంగా ఉందని మేనల్లుడు ఎల్ఈడీ బల్బు తెచ్చిచ్చాడు. దాంతో కుదరదు. ఫిలమెంట్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరిగి కరెంటుని కట్టేస్తుంది, మనకి కావాల్సింది ఆ గుణమే. ఎల్ఈడీ లోపల వేరే సర్క్యూట్ ఉంటుంది. నా దగ్గరున్న పాత బల్బుని అటక మీద గుడ్డలో చుట్టి దాస్తాను, మా ఆవిడకి అది నవ్వులాట.

బల్బు మిణుకుమని ఆరింది. బ్రిడ్జ్ నించి వచ్చే డీసీ లైను మీద 320 వచ్చింది. వైపర్12ఏ అనే ఎనిమిది కాళ్ళ ఐసీ తయారుచేసే 18 వోల్టులు సరిగ్గా ఉన్నాయి, 5 కూడా ఉంది. 18 బదులు 12, 13 ఉంటే గేటు సరిగ్గా తెరుచుకోక ఐజీబీటీ వేడెక్కి పోతుంది. అది కూడా అంతే సాధారణంగా కనపడే కారణం. చివరిగా గేటు కాలు ఉండే చోట కొలిచాను. బటన్ నొక్కనప్పుడు అక్కడ సున్నా ఉండాలి, ఉంది. అక్కడ 18 నిలిచి ఉంటే కొత్త ఐజీబీటీ పెట్టిన మరుక్షణం పేలుతుంది. ఇంతా చూశాకే ప్లగ్గు తీసి, చార్జ్ దింపి, ఐజీబీటీ వేసి, పేస్టు పల్చగా రాసి, స్క్రూ గట్టిగా బిగించాను. స్క్రూ బిగించకముందు కాళ్ళకి టంకం వేస్తే తర్వాత వీపు హీట్ సింక్‌కి సరిగ్గా ఆనదు. ముందు బిగించాలి, తర్వాత టంకం.

కాయిల్ మధ్యలో తెల్లటి పేస్టుతో గాజుకి ఆనుకుని ఉండే థర్మిస్టర్‌ని కూడా చూశాను. 25 డిగ్రీల దగ్గర ఇది 100 కిలో ఓములు ఉంటుంది. మా ఊరి ఎండలో ఇంట్లో 35 డిగ్రీలు ఉన్న పూట 65 దగ్గర చూపిస్తే పోయిందనుకోకూడదు, అంతే ఉండాలి. వేళ్ళతో పట్టుకుంటే ఇంకా తగ్గాలి. దాని పేస్టు ఎండి రాలిపోతే గిన్నె వేడి దానికి తెలియదు, అడుగంటినా స్టవ్ ఆగదు. కొత్త పేస్టు పెట్టాను.

సిరీస్ బల్బుతోనే గిన్నె పెట్టి ఆన్ చేస్తే బల్బు ఒక లయలో వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. స్టవ్ వేడెక్కదు, వోల్టేజి తక్కువ ఉందని ఎర్రర్ కూడా చూపించొచ్చు. అది రిపేరు చెడిందని కాదు, బల్బు అడ్డం ఉంది కాబట్టి. ఆ లయ బాగానే ఉందనిపించాక బల్బు తీసి నేరుగా ఇచ్చాను. రెండు లీటర్ల నీళ్ళు పెట్టి, మరిగిన తర్వాత కూడా అలాగే నడవనిచ్చి, మళ్ళీ చన్నీళ్ళు పోసి మరిగించి, గంటసేపు చూశాను. టక్కుటక్కు లేదు. పక్కనించి వచ్చే గాలి వెచ్చగా ఉంది, అంతే. ఖర్చు అన్నీ కలిపి నాలుగొందల లోపే.

ఇది కాకుండా మామూలుగా వచ్చే తేడాలు కొన్ని ఉంటాయి, వాటికి ఇంత తతంగం అక్కర్లేదు. గిన్నె పెట్టినా బీప్‌మని గిన్నె లేదంటుందా, ముందు గిన్నె అడుక్కి ఫ్రిజ్ మీది అయస్కాంతం అంటించి చూడండి. సత్తు గిన్నెలకీ, రాగి అడుగు గిన్నెలకీ, కొన్ని స్టీలు గిన్నెలకీ అది అంటదు. అడుగు సొట్ట పడి మధ్యలో లేచిన గిన్నెతో కూడా ఇదే గొడవ. ఫ్యాను తిరక్కపోతే కాసేపు నడిచి ఆగిపోతుంది. వైరు ఊడిందో, బొద్దింక ఇరుక్కుందో చూస్తే సగంసార్లు తేలిపోతుంది. ఫ్యూజు పక్కనుండే నీలం బిళ్ళ పగిలి నల్లబడి ఉంటే అది వీధిలో న్యూట్రల్ తెగి ఇంటికి ఎక్కువ వోల్టేజి వచ్చిన గుర్తు. చాలాసార్లు ఆ బిళ్ళ, ఫ్యూజు మారిస్తే సరిపోతుంది. ఈ1, ఈ2 లాంటి ఎర్రర్ నంబర్లకి ఒక్కో కంపెనీలో ఒక్కో అర్థం, దానితో వచ్చిన పుస్తకంలోనే చూసుకోవాలి. గాజు చిట్లితే మాత్రం రిపేరు మాట పక్కన పెట్టి వాడటం ఆపెయ్యాలి. కింద కరెంటు ఉంది, పైన పొంగే పాలున్నాయి.

పోతే ప్లగ్గు. 2000 వాట్ల స్టవ్ 9 యాంప్స్ దగ్గర లాగుతుంది. చెల్లెలింట్లో దాన్ని చిన్న సాకెట్‌కి ఎడాప్టర్ పెట్టి వాడుతున్నారు. ఎడాప్టర్ పిన్ను దగ్గర ప్లాస్టిక్ కరిగి ఉంది. స్టవ్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ముందు ఆ పని చూశాను. బావగారితో మాట్లాడి వంటింట్లో 16 యాంప్స్ సాకెట్‌కి వేరే లైను లాగించాం. స్టవ్ గోడకి ఆనించకుండా జానెడు దూరంగా పెట్టించాను, కింద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ తీయించాను. గాలి పీల్చేది కింద నించే కాబట్టి ఆ గుడ్డ ఉన్నంతకాలం ఫ్యాను తిరిగినా ప్రయోజనం లేదు.

చెల్లెలు పాలు పెట్టి చూసింది. ఆగకుండా పొంగాయి. అంతా అయ్యాక అడిగింది.

"అన్నయ్యా, ఆ బీప్ శబ్దం తగ్గించలేవా? తెల్లారుజామున నీళ్ళు పెడితే పిల్లాడు లేచిపోతున్నాడు."

పిల్లాడంటే ఇంటర్ రెండో ఏడాది వెలగబెడుతున్న మా మేనల్లుడే. మళ్ళీ మూత విప్పి బజర్ రంధ్రం మీద ఇన్సులేషన్ టేపు ముక్క అంటించాను. ఇప్పుడు వంటింటి వరకే వినపడుతోంది.